బండి యేల ఆగుచున్నది?

ఇంటిలో పసిబిడ్డ రాత్రివేళ గుక్కపట్టి యేడ్చినచో మనమేమి చేయుదుము? వెంటనే మందుసీసా తీయుదుమా? తీయము. ఆకలియా, కడుపునొప్పియా, చెవిపోటా, చీమ కుట్టినదా యని మొదట చూతుము. పాలెప్పుడు త్రాగినది, ఎంతసేపు నిద్రించినది, ఏ ప్రక్కకు త్రిప్పిన నేడ్చుచున్నది, ఇవన్నియు నాలోచించిన పిమ్మటనే మందు మాట. నోరులేని బిడ్డ విషయమున మనకింత నేర్పు కలదు గదా! నోరులేని యంత్రము విషయమున మాత్రము ఆ నేర్పంతయు మఱచి, "ఇది మనకు తెలియని వ్యవహారము" అని ప్రక్కకు తప్పుకొందుము.

ఈ నెల నేను వ్రాయబోవునది యొక పాత పికప్ బండి సంగతి. "స్త్రీల పత్రికలో ఇంజను మాట యేల?" అని కొందఱు నవ్వవచ్చును. కాని కూరగాయలు, పాలు, పూలమొక్కలు మోయు చిన్న బండ్లమీద బ్రతుకు సాగించు కుటుంబములు నేడెన్నియో కలవు. బండి ఆగిన దినమున ఆ యింటి రాబడియు ఆగును. కావున నిది మన విషయమే.

మా పినతల్లి కుమార్తె గోదావరి సీమలో కడియము ప్రాంతమున మొక్కల తోట నడుపుచున్నది. ఆ యూళ్లలో ఏ త్రోవను పోయినను ఇరుప్రక్కల నర్సరీలే కనబడును. ఆమె భర్త కాలధర్మము నొంది ఆఱేండ్లైనది. ఇద్దఱు పిల్లల చదువు, కూలీల జీతములు, బ్యాంకి వాయిదాలు, అన్నియు ఆ మొక్కలమీదనే. వానిని తణుకు, తాడేపల్లిగూడెము వఱకు చేరవేయుటకు భర్త కొనిన పాత పికప్ బండి యొకటి కలదు. దాని వయస్సు 20 ఏండ్లు దాటినది. డీజిలుతో నడచు బండి; క్రొత్త బండ్లలోవలె దానిలో కంప్యూటరు లేదు. భర్త కాలమునాటి డ్రైవరే నేటికిని దానిని నడుపుచున్నాడు. అతడా యింట చేరి 11 ఏండ్లైనది.

గత వేసవిలో నేను వారి యింటికి పోయితిని. చెల్లెలి ముఖము చూడగనే ఏదియో చిక్కు కలదని తెలిసినది. రాత్రి భోజనములైన పిమ్మట అడుగగా ఇట్లు చెప్పినది:

"అక్కయ్యా! ఈ బండి నన్ను ముంచుచున్నది. ఇంటినుండి బాగుగనే బయలుదేరును. రావులపాలెము దాటునో లేదో, నడుమ దారిలో ఆగిపోవును. అరగంట యెండలో నిలిచి మరల కదలును. మొన్న సిద్ధాంతము వంతెనమీద ఆగినది. వెనుక లారీలు బారులు తీరినవి. బండిలోని గులాబి మొక్కలన్నియు వాడిపోయినవి. తణుకులో బేరగాడు సరకు దింపుకొననన్నాడు. ముగ్గురు మేస్త్రీలకు చూపించితిని. ఒకరు డీజిలు ఫిల్టరు మార్చిరి. నాలుగు దినములు బాగుగ నడచి మరల మొదటికి వచ్చినది. రెండవవారు పంపు విప్పి రాజమహేంద్రవరము పంపి బాగుచేయించిరి. మూడవవారు నాజిళ్లు మార్చిరి. ఇప్పటికి 28,000 రూపాయలైనవి."

కొంచెము తాళి, గొంతు తగ్గించి మరల ననెను: "డ్రైవరే కావలెనని ఆపుచున్నాడని ప్రక్క తోటవారనుచున్నారు. నాకును అట్లే తోచుచున్నది. ఈ నెలాఖరునకు వానిని మాన్పించి, బండిని వచ్చిన ధరకు అమ్మివేయుదును."

మఱునాడుదయము డ్రైవరు బండి కడుగుచుండగా నేను పోయి పలుకరించితిని. అతడు తల యెత్తలేదు. "అమ్మగారు నన్ను నమ్మటం మానేశారండి. బండి ఆగితే నాకు మాత్రం సుఖమా అండి? వంతెన మీద మొక్కలు వాడిపోతుంటే చూడలేక, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు వాటి మీద చల్లేశానండి" అనెను.

నేనతని నొక ప్రశ్న యడిగితిని: "ఇంజను ఆగునప్పుడు దీపమార్పినట్లు ఒక్కసారిగా ఆగునా? లేక ఊపిరి చాలనట్లు ఈడ్చి యీడ్చి ఆగునా?"

"ఊపిరి చాలనట్టేనండి. ముందు లాగుడు తగ్గుద్ది. తరవాత రెండు మూడు కుదుపులు కుదిపి ఆగిపోద్దండి" అని చెప్పెను.

సోదరీమణులారా! ఈ యొక్క ప్రశ్నతో సగము చిక్కు విడిపోవును. డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులోవలె నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గులుండవు. గాలిని గట్టిగా నొత్తుటచే పుట్టిన వేడిమికే డీజిలు మండును. ఒకసారి కదలిన పాతకాలపు డీజిలు ఇంజనుకు కావలసినవి రెండే: గాలి, డీజిలు. అయితే తాళము త్రిప్పగనే డీజిలును కట్టివేయుటకు పంపుమీద విద్యుత్తుతో పనిచేయు కవాటమొకటి చాల బండ్లలో నుండును. దాని తీగ వదులైనను, బ్యాటరీ కొనలు చిలుము పట్టినను ఇంజను దీపమార్పినట్లు ఒక్కసారిగా ఆగును. ఈడ్చి యీడ్చి ఆగినచో విద్యుత్తును పెక్కుమాఱు అనుమానింపనక్కఱలేదు. డీజిలు చాలినంత అందుటలేదని తలంపవలెను. మా చెల్లెలి బండికి డీజిలు దాహమే గాని వేఱు రోగము కాదని నాకు తోచినది.

కాని దాహమేల? ట్యాంకు నిండుగనే యున్నది. ఫిల్టరు క్రొత్తది. పంపు బాగుచేయబడినది. అప్పుడు నేనొక చిన్న నోటుపుస్తకము తెప్పించి గీతలు గీసి డ్రైవరు చేతికిచ్చితిని. ఏ తేది, ఎంత బరువు, బయలుదేరునప్పుడు ట్యాంకులో డీజిలెంత, ఎన్ని కిలోమీటర్లు పోయిన పిమ్మట ఆగినది, ఎట్లు ఆగినది, ఎంతసేపటికి ఏమి చేయగా కదలినది, ఈ యాఱు సంగతులు ప్రతి ప్రయాణమునకును వ్రాయుమంటిని. జ్వరము వచ్చిన బిడ్డకు పూటపూటకు వేడి చూచి కాగితముమీద వ్రాసికొనుట మనకు క్రొత్త కాదు. ఇదియు నట్టిదే.

పదునైదు దినములలో బండి తొమ్మిది ప్రయాణములు చేసినది, నాలుగుమాఱులు ఆగినది. చెల్లెలును నేనును పుస్తకము ముందిడుకొని కూర్చుంటిమి. బరువెక్కువైన దినమున ఆగెనా యన్న కాదు. తేలిక బరువుతోడను ఒకమాఱు ఆగినది. ఎండ యెక్కువైన దినమా యన్న కాదు, తెల్లవారుజామునను ఆగినది. డీజిలు గడి చూచినప్పుడు మాత్రము ఇద్దఱమును తెల్లబోతిమి. ఆగిన నాలుగు దినములును ట్యాంకు నిండ డీజిలు పోయించిన దినములే! ట్యాంకు సగమునకు తగ్గిన దినమున ఒక్కమాఱైనను ఆగలేదు. నిండుకుండ తొణకదందురు గాని, మా చెల్లెలి బండి నిండుగా నున్ననాడే మొండికెత్తుచున్నది.

ఆ చిక్కు వంటయింటిలో విడినది. ఆ సాయంకాలము చెల్లెలు క్రొత్త నూనెడబ్బా తెఱచుచుండెను. మేకుతో మూలనొక రంధ్రము పొడిచి, ఎదుటి మూలన మఱియొకటి పొడిచినది. "రెండవది యెందుకే?" అని నేను నవ్వుచు నడిగితిని. "అదేమి ప్రశ్న అక్కయ్యా! ఒకటే రంధ్రమైన గాలి లోపలికి పోదు. నూనె సరిగా రాదు. ఇది పసిపిల్లలకు కూడ తెలియును" అనెను. ఆ మాట తన నోట వచ్చిన మఱుక్షణమే చేతిలోని మేకు క్రింద పెట్టి నావైపు చూచినది. ఇద్దఱికిని ఒక్కటే తోచినది.

డీజిలు ట్యాంకు కూడ నూనెడబ్బా వంటిదే. ఇంజను త్రాగినంత డీజిలు వెలికి పోయిన కొలది అంత గాలి లోపలికి రావలెను. ఇందుకై ట్యాంకు మూతలో సన్నని రంధ్రమో, చిన్న కవాటమో అమర్చబడియుండును. కొన్ని బండ్లలో మూతకు బదులు ట్యాంకుమీదనే వేఱుగా ఊపిరిగొట్టముండును. ఆ త్రోవ మూసికొనిపోయిన లోపల గాలి పలుచబడి, పంపు లాగునది యొకవైపు, ట్యాంకు పట్టుకొనునది మఱియొకవైపు అగును. కొంతసేపటికి పంపు ఓడిపోవును. ఇంజను ఆకలితో ఆగును. అరగంట నిలిపియుంచిన సందులగుండ గాలి మెల్లగా లోనికి జాఱి, బండి మరల కదలును.

నిండుగా నున్ననాడే ఆగుట యేలయందురా? దీనికిని లెక్క కలదు. ట్యాంకు నిండినప్పుడు పైన గాలికి 3 లీటర్ల చోటే యున్నదనుకొందము. ఒక లీటరు డీజిలు ఖర్చైనచో ఆ 3 లీటర్ల గాలియే 4 లీటర్ల చోటంతయు పఱచుకొనవలెను. దాని యొత్తిడి నాలుగవ వంతు తగ్గిపోవును. ట్యాంకు సగము ఖాళీయై పైన 25 లీటర్ల గాలి యున్నప్పుడు అదే లీటరు ఖర్చునకు తగ్గునది 26వ వంతు మాత్రమే. ఆ కొంచెము లోటును పంపు లెక్కచేయదు. ఫిల్టరు మార్చిన పిమ్మట నాలుగు దినములు బాగుగ నడచుటకు కారణమును ఇదియే. ఆ నాలుగు దినములు ట్యాంకు సగమే యుండెను! షెడ్డు చుట్టు రెండు మూడు కిలోమీటర్లు త్రిప్పి చూచిన మేస్త్రీలకు ఈ రోగము కనబడకపోవుటలో వింత లేదు.

ఇక మూత సంగతి. "ఈ మూత బండితో వచ్చినదేనా?" అని నేనడుగగా చెల్లెలి ముఖము వెలవెలబోయినది. నడుమునున్న తాళపుచెవుల గుత్తిలోనుండి యొక చిన్న చెవిని తీసి నా చేతిలో పెట్టినది.

జరిగినదిది. కొన్ని నెలల క్రిందట డీజిలు ఖర్చు పెరిగినట్లు ఆమెకు తోచినది. డ్రైవర్లు డీజిలు తీసి అమ్ముకొందురని యెవరో చెప్పిరి. డ్రైవరు నడుగక, విడిభాగముల దుకాణములో తాళము గల మూతనొకటి కొని బిగించినది. చెవి తన కొంగుననే యుంచుకొన్నది. డీజిలు పోయించు దినమున మాత్రమే ఇచ్చి, వెంటనే తిరిగి తీసికొనెడిది. ఆ మూతకు ఊపిరి రంధ్రము లేదు. బండి ఆగుట ప్రారంభమైనది ఆ తరువాతనే. ఆగినప్పుడు మూత తీసి చూతమన్న డ్రైవరు చేతిలో చెవి లేదు. దోషమును కనిపెట్టగల మనుష్యుని చేతులు కట్టివేసి, దోషమునకు వానినే బాధ్యుని జేసితిమి!

అయినను ఊహ ఊహయే. పరీక్షింపక నిర్ణయింపరాదు. మఱునాడు ట్యాంకు నిండ డీజిలు పోయించి, మూత బిగించి, చెల్లెలును నేనును బండిలో కూర్చుంటిమి. రావులపాలెము దాటిన కొంతసేపటికి లాగుడు తగ్గినది. బండి ప్రక్కకు చేరి ఆగినది. ఈ మాఱు చెవి చేతనున్నది. చెల్లెలే దిగి మూత త్రిప్పినది. 'సుయ్' మని గాలి లోపలికి పోయిన చప్పుడు మువ్వురమును వింటిమి. డ్రైవరు ఫిల్టరు ప్రక్కనున్న చేతిపంపును నాలుగుమాఱులు నొక్కి సెల్ఫు కొట్టగనే ఇంజను అందుకొన్నది. అరగంట కాదు, రెండు నిమిషములైనను పట్టలేదు.

అప్పుడు డ్రైవరు తన సీటు క్రిందినుండి గుడ్డలో చుట్టిన పాత మూతను తీసెను. "పారెయ్యబుద్ధి కాలేదండి. అయ్యగారు కొన్న బండి సామానని దాచానండి" అనెను. దాని లోపలి వైపున సూదిబెజ్జమంత రంధ్రము కలదు. దుమ్ము తుడిచి దానినే బిగించితిమి. ఆనాడు తణుకు పోయి వచ్చితిమి, ఎక్కడను ఆగలేదు. ఆ తరువాత నెల దినములు పుస్తకములో "ఆగలేదు" అను మాటయే వరుసగా వ్రాయబడినది.

తిరిగి వచ్చు దారిలో చెల్లెలు చాలసేపు మాటాడలేదు. ఇల్లు చేరిన పిమ్మట డ్రైవరును పిలిచి, "తప్పు నాది. నిన్నడిగి యుండవలసినది" అనెను. అతడేమియు ననలేదు, కండ్లు తుడుచుకొని బండి లోపల పెట్టుటకు పోయెను. పోయిన 28,000 రూపాయలు రాలేదు. తణుకులోని బేరగాడును తిరిగి రాలేదు. కాని మనిషి మిగిలెను, బండి మిగిలినది. డీజిలు ఖర్చు మాటయందురా? పుస్తకములో కిలోమీటర్లు, డీజిలు రెండును వ్రాయుచున్నందున లెక్క తనంతట తానే తేలినది. తాళముతో పనిలేకపోయినది.

మీ యిండ్లలో ఇట్టి పాత బండి యున్నచో ఈ క్రింది సంగతులు జ్ఞాపకముంచుకొనుడు.

అన్ని ఆగుడులకును మూతయే కారణము కాదు. గుఱుతులను బట్టి కారణము మాఱును. నిలిపియున్నప్పుడు బాగుగ నాడి, బరువుతో మిట్ట యెక్కునప్పుడు మాత్రమే ఆగిన ఫిల్టరు పూడినదేమో చూడవలెను. కాలు తీయగనే ఆగి, తొక్కియుంచిన నడచుచున్నచో నిలుపు వేగము తక్కువగా నున్నదేమో చూపింపుడు. డీజిలు పోయించిన వెంటనే, లేక వానల తరువాత కుదుపులు వచ్చినచో డీజిలులో నీరు చేరియుండవచ్చును. నీరు డీజిలుకంటె బరువు గనుక అడుగునకు దిగును. ఫిల్టరు అడుగున మఱ యున్న బండ్లలో దానిని వదులుచేసి నీటిని సీసాలోనికి తీసివేయవచ్చును. ఫిల్టరు మార్చిన మఱునాటినుండి బాధ మొదలైనచో గొట్టములలో గాలి పట్టినదని యనుమానింపవలెను. ట్యాంకునుండి పంపునకు వచ్చు గొట్టము చీలిన, డీజిలు బయటికి కాఱకయే గాలి లోనికి పోవును. కావున తడి లేదని నిశ్చింతగా నుండరాదు. పాత పెట్రోలు బండి వేడెక్కి ఆగి, చల్లారిన పిమ్మట కదలిన, కాయిలు వేడికి చెడుచున్నదో, గొట్టములలో పెట్రోలు ఆవిరియగుచున్నదో పరీక్షింపవలెను.

మూతను అనుమానించినచో ఆగిన వెంటనే తీసి చప్పుడు వినుడు. దగ్గఱ నిప్పు, బీడీ ఉండరాదు. మూతకు బదులు గుడ్డ కుక్కి నడుపుట ప్రమాదము. క్రొత్త మూత కొనునప్పుడు పాతదానిని వెంట తీసికొనిపోయి, దానివలెనే ఊపిరి త్రోవ గలదానిని కొనుడు.

బండి నడుచుచుండగా ఇంజను ఆగినచో బెదరవలదు. బ్రేకునకు సహాయమిచ్చు శక్తి కొన్ని తొక్కుళ్లకు మాత్రమే మిగిలియుండును. కావున పలుమాఱు తొక్కక, ఒక్కమాఱు గట్టిగా అదిమిపట్టవలెను. పవర్ స్టీరింగు గల బండి చక్రము బరువెక్కును. రెండు చేతులతో త్రిప్పి ప్రక్కకు చేర్పవలెను. నాలుగు మూలల మిణుకుదీపములు వెలిగించి, వెనుక తగినంత దూరమున ఎఱ్ఱ త్రికోణము నిలిపి, మనుష్యులు రోడ్డు విడిచి దూరముగా నిలువవలెను. సెల్ఫును ఒక్కపట్టున పది సెకండ్లకు మించి కొట్టరాదు, నడుమ విరామమియ్యవలెను. వేడి ముల్లు పైకి పోయియున్నచో రేడియేటరు మూతను ముట్టనే కూడదు.

అన్నిటికంటె ముందు పది రూపాయల నోటుపుస్తకమొకటి కొని బండిలో నుంచుడు. దానిని డ్రైవరు చేతనే వ్రాయింపుడు. వారము వారము అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువుడు. మేస్త్రీ వద్దకు పోవునప్పుడు "బండి ఆగుచున్నది, చూడుము" అనక, ఆ పుస్తకమును చేతికిండు. ఏ భాగమును మార్చుటకైనను ముందు ఏ గుఱుతును బట్టి మార్చుచున్నారో అడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలదు. నూనెడబ్బాకు రెండు రంధ్రములు పొడుచు ప్రతి స్త్రీయు ఆ సమాధానమును గ్రహింపగలదు.

మీ యిండ్లలోని యంత్రములు పెట్టిన చిక్కులను, వాని నెట్లు విడదీసితిరో నాకు వ్రాయుడు. పదిమందికి పనికివచ్చు వానిని ఈ పుటలోనే ముచ్చటించుకొందము.